కొల్లేటి అంచు ఎక్కడ?

2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో కొల్లేరు మీద ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు, బి. హేమమాలిని మరో సహచరుడితో కలిసి రాసిన వ్యాసం అది. 2001లో ఐఆర్‌ఎస్-1డి ఉపగ్రహం పంపిన చిత్రాన్ని కంప్యూటర్లో పరచుకుని, కొల్లేట్లో ఏముందో వాళ్లు లెక్కగట్టారు. 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 1,050 చేపల చెరువులు తేలాయి. వాటి విస్తీర్ణమే దాదాపు వంద చదరపు కిలోమీటర్లు. ఎండిపోయిన చెరువులు మరో 38. అవి పోను కొంత వరిచేలు. మిగిలిన భాగంలోనైనా నీళ్లు కనిపించాయా అంటే అదీ లేదు, అంతా కలుపు కమ్మేసింది. తేటనీరు ఆ చిత్రంలో మచ్చుకైనా లేదు.

సరస్సులో నీళ్లు కనబడటం లేదని చెప్పడానికి ఉపగ్రహమే కావాలా? కొల్లేటి లంక గ్రామాల్లో ఎవరిని కదిపినా చెబుతారు. అయితే వాళ్లు చెప్పేది తమ ఊరి చుట్టుపక్కల సంగతి. సరస్సు మొత్తం మీద ఎంత పోయింది, ఎక్కడ పోయింది, ఏ ఏడాదికి ఎంత అన్నది తేల్చాలంటే ఒకే రోజున, ఒకే కొలతతో, అంతటినీ ఒక్కసారి చూడగల కన్ను కావాలి. ఆ కన్ను చూసినదాన్ని అర్థం చేసుకునే చదువు కూడా కావాలి. పర్యావరణ శాస్త్రంతో పాటు రిమోట్ సెన్సింగ్ (దూరం నుంచి తీసిన చిత్రాలతో నేలను చదవడం), జీఐఎస్ (కంప్యూటరు పటాల విద్య) నేర్పే ఎమ్మెస్సీ, ఎంటెక్ కోర్సులు విద్యార్థికి ఇవ్వాల్సింది ఇదే. ఈ చదువు ఎలా ఉంటుంది, ఎక్కడ బలమైనది, ఎక్కడ దారి తప్పుతుంది అన్నవి తెలుసుకోవడానికి కొల్లేరును మించిన ప్రయోగశాల తెలుగునాట మరొకటి లేదు.

మన దేశంలో ఈ రెండు చదువులూ వేర్వేరు దారుల్లో వచ్చాయి. పర్యావరణం డిగ్రీ తరగతి గదిలోకి అడుగుపెట్టింది కోర్టు మెట్ల మీదుగా. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని అన్ని స్థాయిల్లో పాఠ్యాంశంగా చేర్చాలంది. తర్వాత యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యప్రణాళిక తయారు చేయించింది. బీకాం చదివినా, బీఏ చదివినా 'పర్యావరణ అధ్యయనం' పేపరు రాయక తప్పని తరం అలా మొదలైంది.

రెండోదాని పుట్టుక డెహ్రాడూన్‌లో. విమానాల నుంచి తీసిన ఫొటోలను చదవడం నేర్పడానికి 1966లో నెదర్లాండ్స్ సహకారంతో అక్కడొక సంస్థ పెట్టారు. ఈనాడు ఐఐఆర్‌ఎస్‌గా పిలిచేది దాన్నే. కొద్ది కాలానికి, 1970 ప్రాంతంలో, కేరళ కొబ్బరితోటల మీద ఒక హెలికాప్టర్ ఎగిరింది. పరారుణ ఫిల్ము వేసిన కెమెరాతో తెగులు సోకిన చెట్లను పైనుంచి గుర్తించవచ్చా అని చూసిన ప్రయోగం అది. నడిపించినది పిషారొత్ రామ పిషారొటీ. భారతదేశంలో రిమోట్ సెన్సింగ్ పితామహుడని ఆయనకు పేరు. ఆ తర్వాత హైదరాబాద్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ, 1988 మార్చి 17న బైకనూర్ నుంచి ఎగసిన ఐఆర్‌ఎస్-1ఎ, షాద్‌నగర్‌లో ఉపగ్రహ సంకేతాలను అందుకునే భారీ యాంటెన్నాలు వచ్చాయి. ఏజెన్సీ 2008లో ఇస్రోలో నేరుగా కలిసి ఎన్‌ఆర్‌ఎస్‌సీ అయింది. దేశంలో ఉపగ్రహ చిత్రాల రాజధాని తెలుగు నేల మీదే ఉంది. ఆ సంగతి మన డిగ్రీ విద్యార్థుల్లో ఎందరికి తెలుసో!

కొబ్బరితోట ప్రయోగంలోనే ఈ శాస్త్రపు అసలు కిటుకు ఉంది. ఆకులోని పత్రహరితం సూర్యకాంతిలోని ఎరుపును, నీలాన్ని మింగేసి, ఆకుపచ్చను కొంత వెనక్కి పంపుతుంది. అందుకే ఆకు మనకు పచ్చగా కనిపిస్తుంది. ఎరుపును దాటి మన కంటికి ఆనని పరారుణ కాంతి దగ్గరికొచ్చేసరికి కథ మారుతుంది. ఆకు లోపలి కణాల అమరిక ఆ కాంతిలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. మొక్క నీరసిస్తే ఈ తిప్పికొట్టడంలో తేడా వస్తుంది. నీటి తీరు ఇందుకు పూర్తిగా ఎదురు. పరారుణాన్ని అది దాదాపు అంతా పీల్చేసుకుంటుంది. ఈ రెండు సంగతులు తెలిస్తే సగం రిమోట్ సెన్సింగ్ వచ్చినట్టే. పరారుణంలోంచి ఎరుపును తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే పచ్చదనపు సూచిక, అంటే ఎన్‌డీవీఐ వస్తుంది. ఆకుపచ్చ, పరారుణాలతో ఇదే లెక్క చేస్తే నీటి సూచిక వస్తుంది. ఎన్‌డీడబ్ల్యూఐ అనే ఈ రెండో సూచికను మెక్‌ఫీటర్స్ 1996లో ప్రతిపాదించాడు. భాగహారం వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్కే ఇది.

పరారుణం మన కంటికి కనబడదు కనుక తెర మీద దానికి ఎరుపు రంగు ఇస్తారు. మొదటిసారి చూసే విద్యార్థికి ఇది వింతే. మామిడితోట ఎర్రన, వరిచేను ఎర్రన, అడవి ముదురు ఎరుపు, లోతైన నీరు నలుపు, బురదనీరు లేతనీలం. ఈ రంగుల్లో కొల్లేటిని చూస్తే సరస్సు ఉండాల్సిన చోట నలుపు బదులు ఎరుపు పరుచుకుని ఉంటుంది. చుట్టూ గళ్లుగళ్లుగా, గీతగీసినట్టున్న గట్ల మధ్య నల్లని, నీలపు చదరాలు. అవి చేపల చెరువులు. ప్రకృతి ఇంత తిన్నని గీతలు గీయదు కాబట్టి చెరువును గుర్తుపట్టడం సులువే.

అసలు చిక్కు ఆ ఎరుపుతోనే.

గుర్రపుడెక్క ఎరుపు, కిక్కిస ఎరుపు, వరి కూడా ఎరుపే. పచ్చదనపు సూచికకు ఇది సరస్సు, అది పొలం అని తెలియదు, ఆకు ఉందా లేదా అన్నదొక్కటే తెలుసు. ఒక్క రోజు చిత్రం తీసుకుని కంప్యూటరుకు వదిలేస్తే కలుపు కమ్మిన సరస్సును వరిచేనుగా, నాట్లు వేసిన మడిని చేపల చెరువుగా లెక్కేసేస్తుంది. దీన్ని విప్పేది ఏ సాఫ్ట్‌వేరూ కాదు, సేద్యపు కాలెండరు. జూలై, ఆగస్టుల్లో సార్వా నాట్లు పడినప్పుడు మడిలో ఉండేది నీళ్లే, కనుక నల్లగా కనిపిస్తుంది. అక్టోబరుకు ఎర్రబడుతుంది. కోత అయ్యాక ఎరుపు పోతుంది. దాళ్వా వేస్తే మళ్లీ అదే వరస. గుర్రపుడెక్కకు నాటు లేదు, కోత లేదు. ఏడాది పొడవునా నెలనెలా చిత్రాలు పేర్చి చూస్తే వరి లేచి పడుతుంటుంది, కలుపు దాదాపు ఒకే తీరున ఉంటుంది, చెరువు నలుపు నలుపే. కృష్ణా, గోదావరి డెల్టా రైతుబిడ్డలకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ తెలివి పనికొచ్చేది ఇలాంటి చోటేనని తరగతిలో గురువు చెప్పాలి, అంతే.

తర్వాతి మెట్టు చిత్రంలోని చిన్న గడి. పిక్సెల్ అన్నమాట. పుస్తకాలన్నీ దీన్ని మీటర్లలో చెబుతాయి. మన సెంట్లలో చెప్పుకుంటే ఎంత చక్కగా తలకెక్కుతుందో చూడండి. 1972లో ఎగిరిన తొలి లాండ్‌శాట్ గడి 80 మీటర్ల చదరం, అంటే ఎకరంన్నరకు పైమాటే. తర్వాతి లాండ్‌శాట్లది 30 మీటర్లు, సుమారు 22 సెంట్లు. కొల్లేటి లెక్క తేల్చిన ఐఆర్‌ఎస్-1డి లిస్-3 కెమెరాది 23.5 మీటర్లు, అంటే పదమూడున్నర సెంట్లు. యూరప్ వారి సెంటినెల్-2ది 10 మీటర్లు, రెండున్నర సెంట్లు. ఒక్కో గడికి ఒక్కో రంగులో ఒకే అంకె ఉంటుంది. ఆ పదమూడున్నర సెంట్లలో సగం నీరు, పావు గట్టు, పావు కొబ్బరిచెట్లు ఉన్నా మూడింటినీ కలగలిపి ఒకటే అంకె వస్తుంది. పది ఎకరాల చెరువు అయితే అంచులు పోయినా నడుమ మిగులుతుంది. ఎకరం చెరువుకు అంచే సగం. అందుకే పాత చిత్రాల్లో చిన్నచెరువులు తక్కువ కనిపిస్తే అవి లేవనుకోకూడదు, కనబడలేదేమో అని కూడా అనుకోవాలి. ముప్పయ్యేళ్ల మార్పును కొలిచే ప్రతి సిద్ధాంత గ్రంథానికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. దాన్ని దాటవేసి, రెండు వేర్వేరు కెమెరాల చిత్రాలను పక్కపక్కన పెట్టి, తేడా అంతా అభివృద్ధి అనో విధ్వంసమనో రాసేస్తే అది శాస్త్రం కాదు.

కంప్యూటరు చెప్పింది నిజమో కాదో చూసుకోవడానికి నేల మీదికి వెళ్లాలి. చేతిలో జీపీఎస్, సంచిలో ముద్రించిన చిత్రం, ముందే ఎంచుకున్న స్థలాల జాబితా ఉండాలి. వంద చోట్ల చూస్తే కంప్యూటరు 'చెరువు' అన్నచోట నిజంగా చెరువు ఎన్ని చోట్ల ఉంది? చెరువు ఉన్నచోట కంప్యూటరు ఎన్నింటిని వదిలేసింది? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు, జవాబులూ వేర్వేరే. రెండింటినీ ఒక పట్టికలో వేసి చూపనిదే ఏ పటాన్నీ నమ్మకూడదని ఈ చదువు నేర్పుతుంది. స్థలాల ఎంపికలో మరో మెలిక ఉంది. రోడ్డు పక్కన ఉన్నవాటినే చూసి వస్తే పటం నిజం కంటే మంచిదిగా తేలుతుంది. దోనె ఎక్కి కిక్కిస మధ్యకు వెళ్లాల్సిన చోట్లు కూడా ఆ వందలో ఉండాలి.

నేల మీద చేసే పనుల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. చెరువు నీటిలో ప్రాణవాయువు ఎంత కరిగి ఉందో కొలవడానికి హంగేరీ రసాయనశాస్త్రజ్ఞుడు లాయోష్ వింక్లర్ 1888లో కనిపెట్టిన పద్ధతినే ఇప్పటికీ విద్యార్థులకు నేర్పుతారు. 300 మిల్లీలీటర్ల గాజుసీసాను నీటిలో ముంచి, ఒక్క గాలిబుడగ లేకుండా నింపి, మూత బిగించాలి. బుడగ ఉంటే బయటి ప్రాణవాయువు కలిసి లెక్క చెడుతుంది. తర్వాత మాంగనీస్ సల్ఫేటు, ఆ వెంటనే క్షారం కలిపిన అయోడైడు ద్రావణాన్ని పిపెట్టుతో సీసా లోపలికంటా దించి వదలాలి. నీటిలో ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు ముద్ద మేఘంలా దిగుతుంది. లేకపోతే ఆ ముద్ద తెల్లగా ఉంటుంది. ఇంకా ఏ లెక్కా చేయకముందే సీసా వంక చూస్తే చెరువు బతికుందో లేదో తెలిసిపోతుంది. ఆపైన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే ముద్ద కరిగి నీరు పసుపెక్కుతుంది. గంజిద్రావణం రెండు చుక్కలు వేస్తే ముదురు నీలం. థయోసల్ఫేటు బొట్టుబొట్టుగా వదులుతూ, నీలం పోయి నీరు తెల్లబడిన క్షణాన ఆపి బ్యూరెట్టు చూస్తే లెక్క తేలినట్టే.

ఈ పరీక్షను మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, తెల్లవారుజామున మరోసారి చేసిన విద్యార్థికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పగలంతా నీటిలోని నాచు ఎండలో ప్రాణవాయువును తయారుచేస్తుంది. రాత్రయితే అదే నాచు, చేపలు, అడుగున కుళ్లే మేత, పెంట అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. తెల్లవారేసరికి నిల్వ అడుగంటుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే రైతు పరుగున వెళ్లి ఏరియేటర్లు తిప్పేది ఆ వేళకే. భూమిని గమనించే ఉపగ్రహాలు చాలావరకు మన మీదుగా వెళ్లేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. చెరువు గండం గడిచాకే అవి వస్తాయి. పచ్చటి నాచును అవి పట్టుకోగలవు. బొచ్చెలకు, శీలావతులకు ఊపిరాడని ఆ వేకువ ఘడియ మాత్రం వాటికి ఎప్పటికీ కనబడదు. ఉపగ్రహ చిత్రాన్ని, సీసాను ఒకే విద్యార్థి చేతిలో పెట్టాలనేది ఇందుకే.

చాలా కళాశాలల్లో జరిగేది వేరు. ఎమ్మెస్సీ పర్యావరణం వాళ్లు సీసాలు పడతారు, జీఐఎస్ వాళ్లు మౌసు పడతారు. హైదరాబాద్ జేఎన్‌టీయూలో పర్యావరణ కేంద్రం, ప్రాదేశిక సమాచార కేంద్రం ఒకే గొడుగు కింద ఉన్నాయి. మద్రాసులో అన్నా విశ్వవిద్యాలయం 1980ల నుంచే రిమోట్ సెన్సింగ్ నేర్పుతోంది. గేట్ పరీక్షలో పర్యావరణ శాస్త్ర, ఇంజినీరింగ్ పేపరు 2021లో, జియోమాటిక్స్ పేపరు 2022లో వచ్చాయి. అంటే ప్రవేశద్వారాలు కూడా రెండుగానే ఉన్నాయి. సాధనాల లోటు మాత్రం ఇప్పుడు లేదు. లాండ్‌శాట్ భాండాగారాన్ని అమెరికా 2008లో ఉచితం చేసింది. సెంటినెల్ చిత్రాలు మొదటి నుంచీ ఉచితమే. ఇస్రో వారి చిత్రాల పోర్టల్ భువన్ 2009 నుంచి ఉంది. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరుకు పైసా కట్టక్కర్లేదు. ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ పాఠాలు ఊళ్లో కూర్చుని వినవచ్చు. ఒకప్పుడు ఒక్క చిత్రం కొనడానికి శాఖ బడ్జెట్ అంతా ఊడ్చిపెట్టాల్సి వచ్చేది. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఖర్చు పెట్టాల్సింది బస్సు మీద, దోనె మీద, రసాయనాల మీద. ప్రయాణపు ఖర్చే మొదట కోతకు గురవుతోందంటే బాధ కలుగుతుంది.

కేవలం చిత్రం చూస్తే ఏమి జరిగిందో తెలుస్తుంది కానీ ఎందుకు జరిగిందో తెలియదు. దీనికీ ఆంధ్ర విశ్వవిద్యాలయం పనిలోనే మంచి ఉదాహరణ దొరుకుతుంది. హేమమాలిని, నాగేశ్వరరావు గోదావరి డెల్టా తీరం కోసుకుపోతున్న తీరును ఉపగ్రహ చిత్రాల్లో చూశారు. అక్కడితో ఆగకుండా నది మోసుకొచ్చే ఒండ్రు లెక్కలు తీశారు. 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులున్న ఒండ్రు 1990లకు దాదాపు 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎగువన ఆనకట్టల వెనకే మట్టి నిలిచిపోతే సముద్రపు అలలు తినేసిన దాన్ని పూడ్చడానికి డెల్టాకు మిగిలేది ఏముంటుంది? తీరం చిత్రంలో ఉంది, కారణం వందల కిలోమీటర్ల ఎగువన ఉంది. నదిని గురించి చదవనివారు తీరం చిత్రాన్ని ఎంతసేపు చూసినా ఆ జవాబు రాదు.

2024 ఆగస్టు చివరి రోజున విజయవాడ మీద కుంభవృష్టి కురిసి, బుడమేరు పొంగి సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. ఆ బుడమేరు చేరేది కొల్లేటికే. తమ్మిలేరూ అంతే. ఇంకా ఎన్నో మురుగుకాల్వలు కూడా అందులోకే వస్తాయి. వచ్చినదంతా సముద్రానికి పోవడానికి ఉన్నది ఉప్పుటేరు ఒక్కటే, సుమారు అరవై కిలోమీటర్లు. వరద వచ్చిన రోజున మామూలు కెమెరా ఉపగ్రహాలకు మబ్బులు తప్ప మరేమీ కనబడవు. అప్పుడు ఆదుకునేది రాడార్. అది తానే తరంగాలను పంపి, తిరిగొచ్చినవాటిని వింటుంది. మబ్బు దానికి అడ్డు కాదు. నిశ్చలమైన నీటి మీద పడ్డ తరంగం పక్కకు జారిపోతుంది కనుక వరదనీరు నల్లగా కనిపిస్తుంది. పొలాల్లో మునకను ఇలా గంటల్లో గీయవచ్చు. ఊళ్లో మాత్రం గోడకు, నీటికి రెండుసార్లు తగిలి తరంగం నేరుగా వెనక్కొస్తుంది. మునిగిన వీధి నలుపుకు బదులు మెరుపుగా కనిపిస్తుంది. నలుపు ఒక్కటే వెతికిన విద్యార్థి పటంలో మునిగిన కాలనీ పొడిగా ఉంటుంది. కిక్కిస దుబ్బుల కింది నీటిదీ ఇదే తీరు. అక్కడ పొడవైన తరంగం అయితే దుబ్బులను దాటుకుని నీటిదాకా పోగలదు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నిసార్ ఉపగ్రహంలో ఉన్న ఎల్-బ్యాండ్ రాడార్ తరంగం పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. కొల్లేటిలాంటి గడ్డి సరస్సుల మీద పని చేయదలచిన పరిశోధకులకు ఇంతకంటే మంచి కాలం ఉండదు.

ఇప్పుడు అన్నింటికంటే చిక్కు ప్రశ్నకు వద్దాం. అసలు కొల్లేటి అంచు ఎక్కడ?

245 చదరపు కిలోమీటర్లు అని మొదట చెప్పుకున్నాం. 1999లో ప్రకటించిన అభయారణ్యం 308. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన విస్తీర్ణం 901. ఇవి మూడూ కొల్లేరే. అభయారణ్యానికి సముద్రమట్టం నుంచి +5 అడుగుల కాంటూరు, అంటే ఆ ఎత్తున్న చోట్లను కలిపే గీత, హద్దు; రామ్‌సర్ విస్తీర్ణానికి +10 అడుగులది. ఐదడుగుల ఎత్తు పెరిగితే సరస్సు దాదాపు మూడింతలవుతుంది. అంత చదునైన నేల అది. ఎండాకాలంలో ఒక కొల్లేరు, వరదకాలంలో మరో కొల్లేరు. శాతాల్లో రాసేవాళ్లు హారం ఏమిటో చెప్పకపోతే ఎంత గందరగోళమో ఇక్కడ తెలుస్తుంది. నాగేశ్వరరావు బృందం లెక్కలో 2001 నాటికి ఎండినవాటితో కలిపి చెరువులు 42 శాతం. 2020లో జర్మనీలోని మార్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మరో అధ్యయనం, లాండ్‌శాట్ చిత్రాలను గూగుల్ ఎర్త్ ఇంజిన్ మీద నడిపి, 1999లో చెరువులు 29.7 శాతం అంది. ఎవరూ అబద్ధం ఆడలేదు. కెమెరాలు వేరు, పద్ధతులు వేరు, 'కొల్లేరు' అన్న మాటకు వాళ్లు గీసుకున్న గీతలు వేరు. ఒకరి అంకెను మరొకరి అంకె పక్కన పెట్టి మార్పు లెక్కగట్టడం కుదరదు. ఒకే అధ్యయనంలోని అంకెలను మాత్రం పోల్చవచ్చు. మార్‌బర్గ్ వారి లెక్కలో 2018 నాటికి చెరువులు 27.7 శాతం. అంటే 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో గట్లు తెగ్గొట్టి సరస్సును తెరిచిన పన్నెండేళ్లకు పరిస్థితి దాదాపు పాతచోటికే వచ్చేసింది.

2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యపు హద్దును +5 నుంచి +3 అడుగుల కాంటూరుకు తగ్గించాలని తీర్మానించింది. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ తగ్గించవద్దంది. లంకల్లో బతికే వేల కుటుంబాల భూమి, చేప, అప్పు అన్నీ ఆ రెండడుగుల తేడాలో ఇరుక్కుని ఉన్నాయి. గూడబాతులు గుడ్లు పెట్టే తావులూ, వరదను పట్టి ఉంచే చోటూ అందులోనే ఉన్నాయి. రెండడుగులంటే అరవై ఒక్క సెంటీమీటర్లు.

ఈ అరవై సెంటీమీటర్లను అంతరిక్షం నుంచి గీయగలమా? విద్యార్థులు సాధారణంగా దించుకునేది ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల పటం. 2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక పదకొండు రోజుల్లో రాడార్‌తో సేకరించినది. అందులో ఎత్తులు పూర్తి మీటర్లలో ఉంటాయి. ఒకటి, రెండు, మూడు, అంతే. +3 అడుగులంటే 0.91 మీటరు, +5 అంటే 1.52. ఆ రెండింటి మధ్య అందులో ఉన్నది 1 అన్న ఒక్క అంకే, గీత ఎక్కడ పడాలో అది చెప్పలేదు. పైగా పొరపాటు పరిధి కొన్ని మీటర్లు. చెట్టు తలను నేలగా, కిక్కిస కొసను గట్టుగా చూపించడమూ కద్దు. అయినా సాఫ్ట్‌వేరును అడిగితే చాలు, అడిగినన్ని కాంటూర్లు గీసిపెడుతుంది. అందంగానే ఉంటాయి. అవి నేల మీద లేవన్నది చూసేవారికి తెలియదు. ఇలాంటి పటం ఏ ఫైలులోనో చేరి ఒక కుటుంబం చెరువును సరస్సులో కలిపినా, సరస్సు ముక్కను పట్టా భూమిగా చూపినా తప్పు యంత్రానిది కాదు.

హద్దుకు సంబంధించిన తగువులు ఇంకా ఉన్నాయి. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు ఎవరెస్టు గోళాభాసం మీద గీసినవి, ఉపగ్రహ చిత్రాలు డబ్ల్యూజీఎస్-84 మీద ఉంటాయి. మార్చకుండా ఒకదాని మీద మరొకటి పరిస్తే గట్లు వంద మీటర్లకు పైగానే పక్కకు జరిగి కూర్చుంటాయి. సమతల పటం కోసం వాడే యూటీఎం మండలాలు కూడా మన ఒక్క రాష్ట్రంలోనే మూడు. అనంతపురం 43లో, కొల్లేరు 44లో, ఇచ్ఛాపురం 45లో. ఎత్తులది మరో దారి. మన పటాల్లోని సముద్రమట్టం ఒకప్పుడు తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లను ఏళ్ల తరబడి కొలిచి తీసినది. వాటిలో విశాఖపట్నం ఒకటి. ఉపగ్రహ ఎత్తులకు ఆధారం వేరే గణిత నమూనా. రెండింటికీ మధ్య తేడా సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఎంత ఉన్నా కొల్లేటి అంచు కిలోమీటర్ల కొద్దీ కదిలిపోతుంది.

కాబట్టి ఆ గీత నేల మీదే గీయాలి. బెంచ్‌మార్క్ రాయి నుంచి మొదలుపెట్టి లెవలింగ్ పరికరంతో, కొలబద్దతో గట్టుగట్టుకూ ఎత్తు మోసుకుంటూ వెళ్లి, మళ్లీ అదే రాయి దగ్గర ముగించి, తేడా ఎంత వచ్చిందో చూసుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా స్థాపించిన కార్స్ కేంద్రాల (నిరంతరం పనిచేసే జీపీఎస్ ఆధార కేంద్రాల) ఆసరాతో జీపీఎస్ పరికరం ఇప్పుడు సెంటీమీటర్లలో స్థానం చెబుతుంది. ఈ రెండూ ఎమ్మెస్సీ రెండో సెమిస్టరు విద్యార్థులకు నేర్పదగ్గ పనులే. కైకలూరు, ఏలూరు చుట్టుపక్కల కళాశాలల్లోనూ విశ్వవిద్యాలయ శాఖల్లోనూ ఒక్కో బృందం ఏటా ఒక్కో లంక గ్రామాన్ని పంచుకుని, అక్కడి గట్ల ఎత్తులు, చెరువుల నీటి నాణ్యత, నెలనెలా చిత్రాల్లోని మార్పు ఒకే పటంలోకి ఎక్కిస్తే కొన్నేళ్లకు కొల్లేటి చుట్టూ పూర్తి కొలత తయారవుతుంది. దాన్ని పంచాయతీ కార్యాలయం గోడ మీద తెలుగులో తగిలించాలి. తమ చెరువు ఏ కాంటూరు లోపల ఉందో, ఆ గీత ఎవరు ఎలా కొలిచారో రైతుకు అక్కడే కనిపించాలి. కొలతలో తప్పుంటే చూపించే హక్కు, మళ్లీ కొలవమని అడిగే వీలు ఆయనకు ఉండాలి.